బాగానే ఉందన్న మనిషి

వంటగదిలో బల్లని గోడవారకి జరిపేసి, తార్యై నేల మీద మంచు మీద జారే స్కీలు మూడు జతలు వరసగా పరిచాడు. గున్‌వోర్ చేతులు కట్టుకుని పొయ్యి పక్కన నిలబడింది. ఏవి కొనాలో ఆమె మనసులో ఎప్పుడో తేలిపోయింది. పెద్దాయన తార్యై చేత ఔననిపించుకుందామనే వాటిని ఇంత దూరం మోసుకొచ్చింది.

ఈస్టర్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. ఈస్టర్ వస్తే సగం దేశం సంచిలో నారింజపళ్లు వేసుకుని కొండెక్కేస్తుంది. ఎక్కినవాళ్లలో ఏటా నలుగురైదుగురు కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటారు. వాళ్లని కిందికి దించడం ఊరి సహాయదళం పని. మంచు మీద నడిచే మోటారు బండి పోగలిగిన చోటికి అదే పోతుంది. బిర్చ్ చెట్లు ఒత్తుగా ఉన్న లోయల్లోకీ, మంచు విరిగిపడే చరియల కిందికీ అది పోదు. అక్కడ దెబ్బతిన్నవాళ్లని స్లెడ్జిలో పడుకోబెట్టి, దాని కర్రలు నడుముకి బిగించుకుని మనిషే స్కీల మీద లాగాలి. దళం స్కీలు అరిగిపోయాయి. కొత్తవి ఎనిమిది జతలు, అన్నీ ఒకే రకం, తెప్పించుకోవాలి. ఏ రకమో రేపు పొద్దున్నకల్లా దుకాణానికి చెప్పాల్సింది దళానికి నాయకురాలైన గున్‌వోర్.

ఆమెకి ముప్పై నాలుగేళ్లు. ఒకప్పుడు జిల్లా పందాల్లో మూడేళ్లు వరసగా మొదటి స్థానం ఎవరికీ వదలలేదు. ఇప్పటికీ ఆమె చెరువు మంచు మీద సాగిపోతుంటే పనులాపుకుని చూస్తారు. ఆమెకి నాలుగేళ్లప్పుడు కాళ్లకి మొదటి స్కీలు కట్టింది తార్యై. నలభై ఏళ్లు దళాన్ని నడిపిందీ ఆయనే. పోయిన ఈస్టర్‌కి, డెబ్భై ఒకటో ఏట, పైన పీఠభూమి మీద పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. గాలివాన లాంటి మంచుగాలిలో నాలుగు గంటలు లాగి ఆయన్ని దించింది గున్‌వోర్, దళంలోనే ఉన్న ఐవిన్‌లు. ఎముక అతుక్కుంది గానీ తిన్నగా అతకలేదు. ఇప్పుడు చేతికర్ర లేకుండా ఆయన గుమ్మం దాటడు.

కానీ స్కీ చేతికొచ్చిందంటే ఆ చేతికర్ర సంగతి ఆయనకే గుర్తుండదు. ముందు సన్న జత తీశాడు. దాని ముక్కు పట్టుకుని వంచి, వదిలి, మళ్లీ వంచాడు. ఉక్కు అంచు మీద బొటనవేలి గోరు నడిపించాడు. రెండింటినీ అడుగులు కలిపి పట్టుకుని మధ్యలో ఎంత సందుందో కిటికీ వెలుగులో చూశాడు. గున్‌వోర్ చిన్నప్పట్నించీ ఇది చూస్తూనే ఉంది, ఇవాళా కళ్లు తిప్పుకోలేకపోయింది. దుకాణంలో మూడు పేజీల్లో రాసిందంతా ఆ పది వేళ్లూ రెండు నిమిషాల్లో చదివేశాయి.

“కాగితం ఇటివ్వు. ఆ స్కీలెక్కి నిలబడు” అన్నాడు.

గున్‌వోర్ సన్న స్కీల మీద నిలబడింది. ఆయన నేల మీద కూర్చుని, ఆమె పాదం దగ్గర స్కీ కింద కాగితం దూర్చి లాగాడు. కాగితం సులువుగా జారింది.

“ఒంటికాలి మీద.”

ఒంటికాలి మీద నిలబడింది. అయినా కాగితం ఇటూ అటూ కదిలింది.

“చూశావా? నీ బరువుకి కూడా విల్లులాంటి దీని నడుం నేలకి తాకట్లేదు. ఇంక దాని కింద నువ్వు పూసిన మైనం మంచుని పట్టేదెప్పుడు?”

“తొక్కితే పడుతుంది. తొక్కడం రావాలి.”

“నీకొచ్చులే. నాలుగో గంటలో కూడా వస్తుందా?”

గున్‌వోర్‌కి ఒళ్లు మండింది. ఐదేళ్ల కిందట దళానికి సన్న స్కీలు అలవాటు చేసింది ఆమే. “తార్యై, పోయినేడు నిన్ను దించింది ఈ రకం మీదే. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి ఎలా ఉందని అడిగాను. నువ్వేమన్నావ్?”

“బాగానే ఉందన్నాను.”

“మరి? దళం పుస్తకంలో కూడా అదే రాశాం. రోగి సౌకర్యంగా ఉన్నాడు అని. నాకంతకన్నా రుజువేం కావాలి?”

తార్యై కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఆ ఊరివాళ్ల సంగతి తెలిసిందేగా. ఇల్లు తగలబడుతుంటే ఇవాళ కొంచెం వెచ్చగా ఉందంటారు. వాళ్ల నోట బాగానే ఉందన్న మాట వినడం ఎంత సులువో, దాన్ని నమ్మడం అంత కష్టం. గున్‌వోర్ అక్కడే పుట్టి పెరిగింది, తనూ రోజుకి పదిసార్లు అంటుంది, అయినా ఆయన అన్నది మాత్రం నమ్మింది.

“సరే” అన్నాడు చివరికి. “కాగితం మాట వద్దు. మంచునే అడుగుదాం. మేకమెట్టకి నువ్వూ ఐవినూ వచ్చేటప్పుడు స్లెడ్జి కూడా పట్టుకురండి.”

మేకమెట్ట చిన్నదే గానీ మాయదారిది. మైలు దూరంలో అన్ని రకాల మంచూ ఉంటుంది. కింద బిర్చ్ చెట్ల మధ్య మోకాల్లోతు పొడి మంచు, మధ్యలో ఎదురెక్కుడు, పైన గాలి నున్నగా దువ్విన గట్టి పెంకు, ఎండ తగిలే పక్కన మధ్యాహ్నానికల్లా తడిసి ముద్దయ్యే మంచు. తార్యై పొరుగువాళ్ల మోటారు బండి అడిగి, తనే నడుపుకుంటూ వచ్చి, దాని మీద రెయిన్‌డీర్ తోలు పరుచుకుని రాజులా కూర్చున్నాడు. ఐవిన్ స్లెడ్జి లాక్కొచ్చాడు. అతను బళ్లో లెక్కలు చెప్పే బక్కపలచని మనిషి. ఎత్తులోనూ బరువులోనూ గున్‌వోర్‌కి సరిజోడు, ఒకే జత ఇద్దరికీ సరిపోతుంది.

“చలి సున్నాకి మూడు డిగ్రీలు కిందే. పొడి మంచుకి పూసే నీలం మైనం చాలు” అన్నాడు ఐవిన్.

“నిన్నెవరడిగారు? చేతికర్ర పెట్టి చూడు, పైన పొడి, కింద తడి. నీలం పట్టదు” అన్నాడు తార్యై. చూస్తే అలాగే ఉంది.

గున్‌వోర్ ముందు వెడల్పు జత ఎక్కింది. అడుగున చేప పొలుసుల్లా గీతలున్నవి, మైనం అక్కర్లేనివి. చెట్ల మధ్య మెత్తటి మంచులో అవి మునగనే లేదు. ఇంత హాయిగా ఉంటాయని ఆమె అనుకోలేదు. పైకెళ్లి గట్టి పెంకు మీద అడ్డంగా నడిచేసరికి మాత్రం వెడల్పే శత్రువైంది. అంచు కరవలేదు, పక్కకి జారుతూనే ఉంది. వెనక స్లెడ్జి కూడా ఉండుంటే దాంతోపాటు చరియలోకి పోయేది. “ఇవి కాదు!” అని పైనుంచి అరిచింది. తార్యై తలూపాడు.

మధ్యరకం జత ఎక్కింది. అది ఎక్కడా మెప్పించలేదు, ఎక్కడా ఏడిపించలేదు. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పాదం కింద పొట్టి బొచ్చుపట్టీ తగిలించుకునే కొక్కెం ఒకటుంది. “మా అత్తగారి వంటలా ఉంది” అంది దిగొచ్చి. “వంక పెట్టలేం, పొగడలేం.”

అప్పుడు సన్న జత ఎక్కింది. ఇంక చూడాలి! ఎదురెక్కుడు ఎక్కిందా, ఎగిరిందా తెలియలేదు. ఒక్కో అడుగూ తొక్కి వదిలితే ఆ స్కీ తనంతట తనే బారెడు ముందుకి పరిగెత్తింది. పైన మలుపు తిరిగి గట్టి పెంకు మీద దిగేటప్పుడు ఆమె మోకాళ్లు తప్ప ఒంట్లో ఇంకేదీ కదల్లేదు. ఐవిన్ నోరు తెరుచుకుని చూశాడు. తార్యై కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి వల్ల అని తుడుచుకున్నాడు. గాలి లేదు.

“చూశావా?” అంది ఆయన ముందు ఆగి, బుగ్గలు ఎర్రబడి.

“చూశాను. నీలా నడిచేవాళ్లని నా జన్మలో ముగ్గుర్ని చూశాను. మిగతా ఇద్దరూ పోయారు.”

“అయితే సన్నవేగా?”

“పడుకో.”

“ఏంటీ?”

“స్లెడ్జిలో పడుకో. ఇవే స్కీల మీద ఐవిన్ లాగుతాడు. మెట్ట దాటించి, తిప్పి మళ్లీ తీసుకొస్తాడు.”

“నేనా?” అన్నాడు ఐవిన్. “నిన్న దళం మీటింగులో ఆవిడ ఎన్ని వాఫుల్స్ తిందో నేను కళ్లారా చూశాను.”

“నీ పదకొండు నేను చూళ్లేదనుకున్నావా?” అంటూ గున్‌వోర్ నవ్వుతూనే పడుకుంది. తార్యై కుంటుకుంటూ వచ్చి పట్టీలు తనే బిగించాడు. చేతులు కూడా దుప్పటి లోపల పెట్టించాడు. సీసాలోంచి చల్లారిన కాఫీ మూతనిండా పోసి, ఆమె ఎడమ తొడ మీద, పట్టీల మధ్య నిలబెట్టాడు.

“ఇదెందుకు?”

“విరిగింది అక్కడే. ఒలక్కుండా తీసుకెళ్లమను.”

ఐవిన్ కర్రలు నడుముకి తగిలించుకుని కదిలాడు. గున్‌వోర్‌కి ఆకాశమూ, ఐవిన్ వీపూ తప్ప ఇంకేమీ కనపడలేదు. ముందేం వస్తోందో తెలియదు, పట్టుకుందామంటే చేతుల్లేవు. పన్నెండేళ్లుగా దళంలో ఉంది, ఒక్కసారి కూడా ఈ వైపు నుంచి చూడలేదు. చెట్ల మధ్య కొంతసేపు బానే సాగింది. ఎదురెక్కుడు మొదలైంది.

ముందు చప్పుడు వినపడింది. సర్రుమని ఐవిన్ స్కీ వెనక్కి జారింది. స్లెడ్జి ఆగి, అంగుళం వెనక్కొచ్చి, కర్రలు బిగిసి, ఒక్క కుదుపుతో ముందుకి లేచింది. కాఫీ సగం ఆమె ప్యాంటు మీద పడింది. మళ్లీ సర్రు. మళ్లీ కుదుపు. మిగిలిన సగమూ పోయింది. అప్పట్నించి ఖాళీ మూత తొడ మీద కొట్టుకుంటూనే ఉంది. కొన్నాళ్లకో చప్పుడు వినగానే ఒళ్లు ముందే బిగుసుకోవడం అలవాటవుతుందంటారు, ఆమెకి ఐదో సర్రుకే అలవాటైంది. ఎముక గట్టిగా ఉన్న మనిషికే ఇలా ఉంది. తార్యైకి విరిగిన ఎముక కొసలు ఒకదానికొకటి రాసుకుంటూ, నాలుగు గంటలు.

ఎక్కుడు సగంలో ఐవిన్ ఆగి వెనక్కి తిరిగాడు. ముఖం ఎర్రగా కంది ఉంది. కనుబొమల మీద చెమట గడ్డకట్టింది. పాపం, ప్రాణం పెట్టి లాగుతున్నాడు.

“ఎలా ఉంది?” అన్నాడు ఆయాసపడుతూ.

“బాగానే ఉంది!” అంది గున్‌వోర్.

అన్నాక ఆ మాట తన చెవికే వినపడింది. ఐవిన్ ఊపిరి తీసుకుని, మళ్లీ ముందుకి తిరిగాడు. స్లెడ్జి మెట్ట దాటేదాకా గున్‌వోర్ కుదుపులు లెక్కపెడుతూనే ఉంది. దిగేటప్పుడు స్లెడ్జి బరువుకి సన్న స్కీలు తట్టుకోలేక ఐవిన్ రెండుసార్లు మంచులో కూలబడ్డాడు.

తార్యై పట్టీలు విప్పలేదు. ఐవిన్ చేత మధ్యరకం జత కట్టించి, అడుగున బొచ్చుపట్టీలు తగిలించి, మూతలో మళ్లీ కాఫీ పోశాడు. ఈసారి ఐవిన్ నిదానంగా వెళ్లాడు, ముసలి ఎద్దులా, ఆగకుండా. చప్పుడంటే బొచ్చు మంచుని నిమురుతున్న చప్పుడే. గట్టి పెంకు మీద అంచు గీసుకుంటూ పట్టుకుంది. అందం లేదు, ఎగరడం లేదు. పందెంలో ఇలా నడిస్తే పిల్లలు కూడా నవ్వుతారు. తిరిగొచ్చి తార్యై ముందు ఆగినప్పుడు మూతలో సగం పైన కాఫీ ఉంది.

తార్యై వంగి ఆమె ముఖంలోకి చూశాడు. “ఎలా ఉంది?”

“ఇది బాగుంది” అంది గున్‌వోర్. “ముందుది బాగాలేదు. అస్సలు బాగాలేదు.”

“నాక్కూడా బాగాలేదమ్మాయ్” అన్నాడు తార్యై, ఏడాది ఆలస్యంగా.

ఐవిన్ పక్కకి తిరిగి నడుం పట్టీ విప్పుకోవడంలో మునిగిపోయాడు. తార్యై పట్టీలు విప్పాక గున్‌వోర్ స్లెడ్జిలోనే లేచి కూర్చుంది.

“ఎందుకు చెప్పలేదు?”

“అక్కడా? నీ వీపు నాకు కనపడుతూనే ఉంది. ఒంట్లో ఉన్నదంతా పెట్టి లాగుతున్నావు. నేను కేక పెడితే ఆగేదానివి. ఆ గాలిలో ఆగితే ముగ్గురం అక్కడే ఉండిపోయేవాళ్లం.”

“తర్వాతైనా?”

“తర్వాత ఆసుపత్రికి పూలు పట్టుకొచ్చావు. ముఖం వెలిగిపోతోంది. బాగా దించామా అనడిగావు.” ఆయన సీసా మూత దులిపి బిగించాడు. “బాగానే దించారు. బతికున్నానుగా. ఇంకేం చెప్పమంటావు?”

గున్‌వోర్‌కి కోపమొచ్చింది, సిగ్గేసింది, ఈ మనిషి కాళ్లమీద పడాలనిపించింది. వాళ్లలో అలా పడే అలవాటు లేదు కాబట్టి జేబులోంచి ఫోన్ తీసి దుకాణానికి చేసింది. “మధ్యరకం. ఎనిమిది జతలు. బొచ్చుపట్టీలతో సహా.” అవతల మనిషి ఆశ్చర్యపోయి సన్నవాటి సంగతేమైందని అడిగినట్టున్నాడు. “అవి చాలా మంచివి. నాకు మంచివి” అని పెట్టేసింది.

మెట్ట నీడ బండి మీదికి పాకింది. ఐవిన్ సంచిలోంచి రొట్టె, బెల్లం రంగు జున్ను తీసి ముగ్గురికీ పంచాడు. లాగినందుకు తనకి రెండు ముక్కలు రావాలన్నాడు, ఎవరూ కాదనలేదు. తిన్నాక తార్యై మోటారు బండి దాకా నడవడానికి లేచాడు. పది అడుగుల దూరం. చేతికర్ర మంచులో దిగబడింది, ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయింది.

“కాలెలా ఉంది?” అంది గున్‌వోర్.

“బాగా...” అని ఆగాడు. ఆమె చూస్తూనే ఉంది. ఆయన చేతికర్ర వంక చూశాడు, మెట్ట వంక చూశాడు.

“నొప్పిగా ఉంది” అన్నాడు. “చలికాలమంతా నొప్పిగానే ఉంది.”

గున్‌వోర్ వెళ్లి ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఆయన బరువంతా ఆమె మీద వేసి నడిచాడు.