పదిహేను మీద ముల్లు

గోనెసంచిని బకెట్లో ముంచి, పైకెత్తి, రెండు చేతులతో ఒకే ఒక్క మెలి తిప్పింది ఆమె. రెండు మెలికలు తిప్పితే పది గంటలకల్లా ఆరిపోతుంది. అసలు తిప్పకపోతే నీళ్లు కారి గోడ నానుతుంది. ఒక్క మెలి చాలు. నేలమాళిగ గవాక్షం చెక్క తలుపు మూసి, దాని మీద తడిగోనె తగిలించింది. రాత్రంతా చల్లగాలి కోసం తెరిచి ఉంచే ఆ గవాక్షాన్ని, ఎదురింటి పిట్టగోడ మీద ఎండ పడకముందే మూసెయ్యాలి. ముప్పైమూడేళ్లుగా ఆ ఇంట్లో ఆ పని ఆమెదే.

"వాడికంటే ఒక్క అడుగు ముందుండాలి, అంతే" అంటుంది సూర్యుణ్ణి ఉద్దేశించి, పాత పగవాడి సంగతి చెబుతున్నట్టు.

తరువాత మెట్లు. మొత్తం పదిహేడు. ఎనిమిదో మెట్టు దగ్గర మోకాళ్లకు కోపం వస్తుంది, పన్నెండో మెట్టు దగ్గర గుండెకు. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది.

"ఎక్కడం లేదయ్యా, దిగుతున్నా" అంది ఆమె.

"మరి తిరిగి పైకి రావద్దా?"

"అది తరవాతి సంగతి."

కింద నాలుగు వందల పైచిలుకు వైన్ సీసాలు, కొయ్య అరల్లో పసిపిల్లల్లా పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంటాయి. వాటి మీద దుమ్ము తుడవదు. తుడిస్తే కదులుతాయి. చివరి అర పక్కన చలీ వేడీ కొలిచే, గడియారంలాంటి గుండ్రటి బిళ్ల, అందులో సన్నటి ముల్లు. అది పదిహేను మీద ఉండాలి. ఆమె ముందుగా దాన్ని చూడదు. రాతిగోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని లెక్క కట్టి, ఆ తరువాతే ముల్లు వైపు తిరుగుతుంది. చేత్తో తాకితే తెలియదు. కుడిచేతి వేళ్లు రెండు స్పర్శ పోగొట్టుకుని నలభై ఏళ్లు దాటింది.

ఆ వేళ్లు తిన్నది ఐసు ఫ్యాక్టరీ. పద్దెనిమిదో ఏట అందులో చేరింది. దిమ్మల్ని రంపంపొట్టులో పొర్లించి, గోనె చుట్టి, బండికెక్కించే పని. "చల్లదనం ఎక్కణ్ణించో తెచ్చేది కాదే, ఉన్నది పోకుండా చూసుకునేది" అని నేర్పింది అక్కడి ముసలి మేస్త్రీ. ఇంటింటికీ ఫ్రిజ్జులొచ్చి ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఏడాదే మొగుడు కూడా ఎటో వెళ్లిపోయాడు. "రెండూ ఒకేసారి కరిగిపోయాయి. ఒకదానికే ఏడ్చాను" అని నవ్వేది. దేనికో మాత్రం చెప్పేది కాదు. మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని అంట్లు తోమడానికి ఈ ఇంటికొచ్చింది. తొలి వేసవిలో నేలమాళిగలో ముల్లు పంతొమ్మిదికి ఎక్కిందని అయ్యగారు తల పట్టుకుని కూర్చుంటే, ఎవరూ అడక్కుండానే గోనె తడిపి కట్టింది. సాయంత్రానికి ముల్లు దిగింది. అప్పట్నుంచి తాళంచెవి ఆమె బొడ్లోకి చేరింది.

అయ్యగారు ప్రెస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయనే చెప్పాడు, వైన్‌కి వేడికన్నా హెచ్చుతగ్గులే పెద్ద గండమని. వేడెక్కితే లోపలిది ఉబ్బి బిరడాను తోస్తుంది, చల్లారితే బయటి గాలి పీలుస్తుంది. నాలుగుసార్లలా జరిగితే సీసాలో మిగిలేది పుల్లనీళ్లే. ఇప్పుడాయన మంచం మీద ఉన్నాడు. భార్య పోయిన సంగతి మరిచిపోయాడు, కొడుకు పేరు మరిచిపోయాడు. ఒక్క ప్రశ్న మాత్రం మరవలేదు.

"ఎంతుందమ్మా?"

"పదిహేనండీ అయ్యగారూ."

"ఊఁ" అని కళ్లు మూసుకుంటాడు. రోజుకు మూడుసార్లు.

ఆ ఉదయం ఆమె పైకి వచ్చేసరికి వాకిట్లో అట్టపెట్టె ఉంది, దాని పక్కన మెకానిక్కు. నడుం మీద చేతులు పెట్టుకుని అయ్యగారి కోడలు నిలబడి ఉంది.

"చల్లబరిచే మెషీను, పెద్దమ్మా. ఇక నువ్వు కిందికి దిగక్కర్లేదు."

"నేను దిగుతున్నానని ఎవరు బాధపడ్డారు?"

"నీ గుండె బాధపడింది. డాక్టరు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు."

"నా గుండె సంగతి నాతో చెప్పకుండా మీతో చెప్పాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

మెకానిక్కు నవ్వాడు. "మామ్మా, ఇంతకీ ఆ వైన్ ఎప్పుడైనా రుచి చూశావా?"

"పిల్లల్ని పెంచే ఆయా వాళ్లని కొరికి చూస్తుందా?"

కోడలు నవ్వు ఆపుకుంది. ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరింది. సాయంత్రం వరకూ మెషీను నడవాలి. ముల్లు రెండు గీతలు కదిలితే మెషీను వెనక్కి పోతుంది. కదలకపోతే ఆమె తాళంచెవి ఇచ్చేసి, ఇక మెట్ల వైపు చూడదు.

"మాట తప్పకూడదు పెద్దమ్మా."

"మాట తప్పడానికి నేనేమైనా కరెంటునా?"

మెకానిక్కు గవాక్షం తలుపు ఊడదీసి, అందులోంచి లావుపాటి పైపు దూర్చి, బయటివైపు ఇనప పెట్టె బిగించాడు. పైపు చుట్టూ జానెడు సందు మిగిలింది. ఆమె వేలెట్టి చూపించింది.

"రేపొచ్చి సిమెంటు పెడతాగా. మెషీను నడుస్తుంటే అదేం లెక్కలోకి రాదు" అంటూ అతను సామాను సర్దుకున్నాడు. గోనెసంచి తులసికోట పక్కన ఓ మూల చెత్తలా పడి ఉంది.

మధ్యాహ్నం దాకా ముల్లు పదిహేను మీద నుంచి ఇసుమంతైనా కదల్లేదు. గంటకోసారి దిగి చూసి వచ్చింది. "దొంగది, బాగానే చేస్తోంది" అని ఒప్పుకుంది కూడా. అన్నం సగమే తిని, బొడ్లోని తాళంచెవి తీసి, కంచం పక్కన పెట్టి చూసుకుంది. మళ్లీ దోపుకుంది.

రెండింటికి కరెంటు పోయింది.

ఆ ఏడు ఎండలకు వీధి వీధంతా ఫ్యాన్లూ ఏసీలూ ఒక్కసారే తిప్పుతోంది. ఎప్పుడొస్తుందో తెలియదన్నారు కరెంటు ఆఫీసువాళ్లు. మెకానిక్కు ఫోను ఎత్తలేదు. వాకిట్లో గచ్చు మీద కాలు పెడితే బొబ్బలెక్కేలా ఉంది. ఆ సెగంతా పైపు చుట్టూ ఉన్న సందులోంచి నేలమాళిగలోకి పోతోంది. బయట ఇనప పెట్టె అడ్డం. మూస్తే లోపలి నుంచే మూయాలి.

ఆమె గోనె, బకెట్టు పట్టుకుని లేచింది. కోడలు మెట్ల తలుపుకు అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? నువ్వే గెలిచావు. ఇంకో గంటలో ముల్లు దానంతటదే ఎక్కుతుంది. రేప్పొద్దున్నే మెషీను పీకించేస్తా, సరేనా? కూర్చో."

ఆమె కోడలి ముఖంలోకి చూసింది.

"గెలవడం కోసం సీసాల్ని చంపుకోమంటారా? తప్పుకోండి."

"ముల్లు కదలకపోతే ఓడిపోయేది నువ్వే, తెలుసా?"

"తెలుసులెండి. నాకూ లెక్కలొచ్చు."

అడ్డం నిలబడిన చెయ్యి కిందికి దిగింది. బకెట్టు మెట్టుమెట్టుకూ తగులుతున్న చప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి, మళ్లీ మొదలైంది. పన్నెండో మెట్టు దగ్గర మరికాస్త ఎక్కువసేపు ఆగింది.

కింద ముల్లు పదిహేను దాటి, పదహారు మీదికి పోతోంది. పీటెక్కి, గోనెను తడిపి, ఒక్క మెలి తిప్పి, పైపు కింద నుంచి చుట్టుకుంటూ వేళ్లతో కుక్కింది. పైన బెత్తెడు సందు మిగిలిపోయింది. కింది చలికని భుజాన వేసుకొచ్చిన నీలం శాలువా తీసింది. కూతురు తన మొదటి జీతంతో కొన్న శాలువా అది. నీళ్లలో ముంచింది.

"పెద్దమ్మా, అయిందా? పైకి రా!" మెట్ల మీద నుంచి కోడలు అరిచింది.

"వస్తా, వస్తా. ముందు దీని నోరు ముయ్యనివ్వండి."

మూడింటికి అయ్యగారు నిద్ర లేచాడు. "ఎంతుందమ్మా?" అన్నాడు గుమ్మం వైపు చూస్తూ. గుమ్మంలో ఎవరూ లేరు.

కోడలు మెట్ల తలుపు దగ్గరికి వెళ్లింది. "పెద్దమ్మా, మావయ్య అడుగుతున్నారు. ఎంతుంది?"

మళ్లీ పిలిచింది. కొవ్వొత్తి వెలిగించి, ఆ ఇంటికొచ్చిన పన్నెండేళ్లలో మొదటిసారి ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగింది. ఆఖరి మెట్టు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, ఇంకా లెక్క కడుతున్నట్టే ఉంది. కోడలు పిలిచింది. భుజం పట్టుకుంది. కొవ్వొత్తి కింద పెట్టి, ఆ రెండు వేళ్లనూ గుప్పిట్లోకి తీసుకుని అక్కడే కూర్చుండిపోయింది.

లేచాక ముల్లు చూసింది. పదిహేను.

పైకి వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"పదిహేను, మావయ్యా."

"ఊఁ" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం కరెంటు వచ్చింది. మెషీను గురగుర మొదలుపెట్టగానే కోడలు వెళ్లి దాని స్విచ్చి ఆపేసింది. ఆ తరువాత జనం వచ్చారు, కూతురు వచ్చింది, ఆమెను పైకి తెచ్చారు. కింద గవాక్షంలో, పైపు చుట్టూ బిగదోపిన నీలం శాలువా ఒక్క మెలి తిప్పినంత తడితో అలాగే ఉంది.