చెంగమ్మ ముక్కుపుడక, నా గొప్పలు

నేను ఒక రాతి గోడౌన్ని. గనిపల్లెలో బంగారం దొరుకుతోందని జనం ఎగబడ్డ రోజుల్లో గని కంపెనీ దొరలు నన్ను కట్టించారు. మూరెడు మందం గోడలు, ఇనుప తలుపు. ఈ హంగు చూసి నా కడుపునిండా బంగారమేనని ఊరు నమ్మింది. నేనూ కాదనలేదు. నిజానికి నేను మోసింది మోకులు, గడ్డపారలు, కూలీలు విడిచిన బురదబట్టలు. బంగారం దొరల బంగళాకే పోయేది, నా మొహం కూడా చూడలేదు.

గనులు మూతపడ్డాక నాలో ఉల్లిపాయలు పోశారు. ఆ వాసన ఇంకా వదల్లేదు. అయినా నన్ను మ్యూజియం చేసి గుమ్మం మీద ‘బంగారు కొట్టు’ అని రాస్తే, సిగ్గులేకుండా మురిసిపోయాను.

వచ్చినవాళ్ళు “బంగారమేదీ?” అని మొహం మాడ్చుకుని పోయేవారు. జనం రాకపోతే నన్ను పడగొట్టి సర్కారువాళ్ళు దుకాణాలు కడతామన్నారు. టికెట్లిచ్చి, నేల ఊడ్చే చెంగమ్మ కొలువూ నాతోపాటే పోతుంది. ఒకరోజు ఆమె తన ముక్కుపుడక తీసి అద్దాల పెట్టెలో పెట్టి, ‘ఈ గని బంగారం’ అని చీటీ అంటించింది. రోజూ సాయంత్రం దాన్ని మళ్ళీ పెట్టుకుని ఇంటికి పోయేది. బోసి ముక్కుతో వెళ్తే అత్త ఊరుకోదు మరి. జనం విరగబడ్డారు. నా డాబుకి పట్టపగ్గాల్లేవు.

అంతలో పట్నం నుంచి అధికారి సుదర్శనంగారు వచ్చారు.

“సర్కారు సొత్తు ఇలా వదిలేస్తారా? నేను పట్నం తీసుకెళ్తాను” అంటూ పెట్టె తెరిచారు.

నిజం చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే పుడక పోతుంది. చెంగమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది. నాకైతే దూలాలే వణికాయి.

“అది సర్కారుది కాదు సార్, నాది” అంటూ పుడక అందుకుని ముక్కుకు పెట్టుకుంది.

“అయితే ఈ చీటీ అబద్ధమన్నమాట!”

“అబద్ధమెట్లయితాది సార్? మా అవ్వ ఈడనే ఊడుస్తా ఉండె. కూలోళ్ళ గుడ్డల్లోంచి రాలిన మన్ను మూటగట్టుకోని పొయ్యి, ఏట్లో కడిగి, తేలిన బంగారు రజను ఏండ్ల తరబడి పోగేసి ఈ పుడక చేపించుకునింది.”

ఆ అవ్వ నాకు గుర్తొచ్చింది. ‘పిచ్చిది, నా దుమ్ము మోసుకుపోతోంది’ అని నవ్వుకునేవాణ్ణి. నాలో బంగారముందని ఊరంతా నమ్మింది, నేనొక్కణ్ణే నమ్మలేదు. ఆ పూట నాకు నిజంగా సిగ్గేసింది.

సుదర్శనంగారు చీటీని తీయమనలేదు. ఖాళీ పెట్టె మూసి, నేల వంక చూసుకుంటూ వెళ్ళిపోయారు.

ఇప్పుడు “బంగారమేదీ?” అంటే చెంగమ్మ టికెట్టు చింపుతూ ముక్కు చూపించి, అవ్వ కథ చెబుతుంది. విన్నవాళ్ళలో కొందరు గుడికొచ్చినట్టు చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి లోపలికొస్తారు. ఉల్లిపాయల కొట్టుకి ఇంతకంటే ఏం కావాలి?