తూటా వేగం దొంగిలించిందెవరు?

డ్రెస్సింగ్ రూమ్ గోడ మీది తెరలో ఆ రోజు ప్రాక్టీస్ అంకెలు పడ్డాయి. తల తుడుచుకుంటున్న తూటా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆటగాళ్లంతా చొక్కా కింద నల్లటి బిగుతు జాకెట్ వేసుకుంటారు. దాని వీపు మీద చిన్న సంచీ, సంచీలో అగ్గిపెట్టంత ట్రాకర్. ఎవరు ఎంత దూరం పరిగెత్తారు, ఎన్నిసార్లు దౌడు తీశారు, ఎంత వేగంగా తీశారు, అన్నీ అది పట్టేస్తుంది. తెర మీద గడులు చాలా ఉంటాయి గానీ తూటా ఎప్పుడూ చివరి గడి ఒక్కటే చూస్తాడు. అత్యధిక వేగం. సొంత దేశంలో ఆడినన్నాళ్లూ ఆ గడిలో అతన్ని దాటినవాడు లేడు. పత్రికలవాళ్లు తూటా అని పేరు పెట్టింది అందుకే. విదేశీ ఫుట్‌బాల్ లీగ్ వాళ్లు ఏరికోరి పిలిపించుకున్నదీ అందుకే.

కొన్ని వారాలుగా ఆ గడిలో తూటా పేరు కిందికీ, పెద్దన్న పేరు పైకీ పోతున్నాయి. ఇవాళ అందరికంటే పైన పెద్దన్నే ఉన్నాడు.

మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకునే మనిషి పెద్దన్న. రెండు మోకాళ్లకీ ఆపరేషన్లయ్యాయి. ప్రాక్టీస్ కాగానే రెంటికీ ఐసు గడ్డలు కట్టుకుని, పెళ్లిలో అలిగిన మేనమామలా బల్ల మీద కూర్చుంటాడు. ఆ మోకాళ్లకు ఆ వేగం ఎక్కడిది?

పెద్దన్న కూడా తూటా దేశంవాడే, తూటా భాషవాడే. ఈ క్లబ్‌లో చాలాకాలంగా మధ్య వరసలో ఆడుతున్నాడు. తూటా విమానం దిగిన రోజున ఎదురొచ్చి సామాను మోసిందీ, ఇల్లు వెతికి పెట్టిందీ, గ్యాస్ పొయ్యి ఎలా వెలిగించాలో చూపించిందీ అతనే. కోచ్ మాటలు తూటాకు చెప్పేదీ, తూటా మాటలు కోచ్‌కు చెప్పేదీ అతనే. అంతవరకూ దేవుడిలాంటి మనిషి.

అయితే ఈ లీగ్‌లో ఒక నిబంధన ఉంది. మ్యాచ్‌కు దిగే జట్టులో విదేశీయులు కొందరే ఉండాలి. సీజన్ రెండో సగానికి ఆ జాబితా ఈ వారంలోనే ఖాయమవుతుంది. మిగతా స్థానాలు ఎప్పుడో నిండిపోయాయి. ఒక్కటే ఖాళీ. దానికి ఉన్నది ఇద్దరు, తూటా, పెద్దన్న. స్థానం దక్కనివాడు రిజర్వు జట్టుతో మైదానం వెనక గడ్డి మీద కాలం గడపాలి. సీజన్ కాగానే పెట్టె సర్దుకోవాలి.

కొన్ని వారాలుగా తూటాను బెంచీ మీదే కూర్చోబెడుతున్నారు. దింపినా రెండో సగంలో కాళ్లు సీసం పోసినట్టయిపోతున్నాయి. కోచ్ ఏదో పొడుగ్గా చెబుతాడు. పెద్దన్న దాన్ని పొట్టిగా చేసి, "విశ్రాంతి తీసుకోమంటున్నాడు తమ్ముడూ," అంటాడు. అంత పొడుగు మాటలో ఉన్నది అంతేనా? మిగతాదంతా ఏమైపోతోంది? ఫోన్‌లో అనువాదం పెట్టి చూపిస్తే కోచ్ చేత్తో పక్కకు తోసేస్తాడు. ఆయనకు ఎదుట మనిషి ఉండాలి.

విశ్రాంతి తీసుకుంటే ఎవరికి లాభం? ఈ ప్రశ్న తూటా బుర్రలో తొలిచేస్తోంది.

ఇంటికెళ్లి భార్యతో చెప్పాడు. ఆమె బట్టలు మడత పెడుతోంది.

"వేగం దొంగిలించడమేంటి? వేగమేమైనా ఆరేసిన లుంగీయా?" అంది.

"నవ్వకు. ట్రాకర్లు మారుస్తున్నాడు. నాది వాడు పెట్టుకుని, వాడిది నాకు తగిలిస్తున్నాడు. నా కొక్కెం పక్కనే వాడి కొక్కెం. అందరికంటే ముందొస్తాడు కూడా."

ఆమె నవ్వు తగ్గించి, అడగాలా వద్దా అన్నట్టు అతని మొహం చూసింది. ఆ మధ్య పెద్దన్న ఫోన్ చేశాడనీ, తూటా తెల్లవారుజామున ఎక్కడికి వెళ్తున్నాడని అడిగాడనీ, పార్కులో పరుగు తీయడానికని తాను చెప్పేశాననీ అంది.

తూటాకు ఒళ్లు మండింది. అది ఎవరికీ తెలియకూడని విషయం. క్లబ్ చెప్పిన కసరత్తు తప్ప ఒక్క అడుగు ఎక్కువ వెయ్యకూడదని ఇక్కడ కచ్చితమైన నియమం. కానీ చిన్నప్పుడు ఆట నేర్పిన గురువు అతని నెత్తిన పెట్టిన పాఠం వేరు. బెంచీ మీద కూర్చోబెట్టారా, కోచ్ చూడనప్పుడు ఇంకా ఎక్కువ పరిగెత్తు. సొంత దేశంలో ప్రతి ఆటగాడూ చేసేది అదే. బెంచీ మీద పడ్డ మర్నాటి నుంచి తూటా తెల్లవారకముందే లేచి, పార్కు చుట్టూ ఊపిరి తెగేదాకా పరుగు తీసి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు ప్రాక్టీస్‌కు వెళ్తున్నాడు. వేగం తగ్గినట్టనిపిస్తే ఇంకో రౌండు. కాళ్లు బరువనిపిస్తే ఇంకో రౌండు.

"వాడికెందుకు చెప్పావ్?"

"రహస్యమని నాకు చెప్పావా? ఆయన నీ మంచి కోరి అడిగాడనుకున్నా."

"అందరూ మంచి కోరేవాళ్లే," అన్నాడు తూటా.

మర్నాడు పార్కు గేటు దగ్గర, చెట్ల చాటున, దీపాలార్పిన కారు ఒకటి ఆగి ఉంది. వెనక అద్దం మీది పగులు చూడగానే పోల్చుకున్నాడు. పెద్దన్న కారు. లోపల మనిషి కదలలేదు, దిగలేదు. తూటా పరుగు ఆపలేదు. నియమం తప్పానని కోచ్‌కు చెప్పడానికి సాక్ష్యం పోగేస్తున్నాడన్న మాట. వేగం దొంగిలించింది చాలక, ఇప్పుడు ఉద్యోగానికే ఎసరు పెడుతున్నాడు.

ఇక ఆలస్యం చేస్తే పని జరగదు. వాడికంటే ముందు తానే దెబ్బ కొట్టాలి.

ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో జాకెట్ తీసుకుని స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. వీపు సంచీలోంచి ట్రాకర్ బయటికి లాగాడు. అంచున చిన్న అక్షరాల్లో ఆటగాడి నంబరు ఉంటుంది. అది తూటా నంబరు కాదు. పెద్దన్నది.

కోపం కంటే ముందు సంతోషం కలిగింది. పిచ్చివాణ్ణి కాను, అనుమానపు పురుగునీ కాను, నేను అనుకున్నదే నిజం.

మైదానంలో అందరూ కోచ్ చుట్టూ చేరాక తూటా నేరుగా పెద్దన్న వెనక్కి వెళ్లాడు. చొక్కా ఎత్తి, జాకెట్ సంచీలో వేళ్లు దూర్చి ట్రాకర్ లాగాడు. రెండు ట్రాకర్లూ రెండు అరచేతుల్లో పెట్టి కోచ్ ముందు చాపాడు. మాటలు అక్కర్లేదు. నంబర్లు చూస్తే ఏ భాషవాడికైనా తెలుస్తుంది.

పెద్దన్న చొక్కా కిందికి లాక్కున్నాడు. తూటా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఆట మధ్యలో గాయపడ్డవాణ్ణి చూసినట్టు చూశాడు. నటన అనుకున్నాడు తూటా.

కోచ్ ఇద్దర్నీ తన గదికి పట్టుకుపోయాడు. అంకెలు చూసే కుర్రవైద్యుడు, జట్టంతా లెక్కల మాస్టారని పిలిచేవాడు, లాప్‌టాప్ తెరిచాడు. ట్రాకర్లు ఎప్పటినుంచి మారుతున్నాయో పెద్దన్న దాచకుండా చెప్పాడు. మాస్టారు ఆ రోజులన్నింటికీ ఇద్దరి వరసలూ తారుమారు చేసి తెర మీద పెట్టాడు. కోచ్ ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు. తరవాత పెద్దన్నను ఏదో అడిగాడు.

"ఎందుకు చేశావంటున్నాడు," అన్నాడు పెద్దన్న తూటాకు వినబడేలా. "నా వేగం ఎక్కువగా కనిపించాలని చేశానని చెప్పాను."

అనుకున్నదే. తూటా కుర్చీలో వెనక్కి వాలాడు.

కోచ్ ఈసారి తూటా వైపు తిరిగాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. పెద్దన్న వెంటనే అనువదించలేదు.

"నీ అంకెలు జబ్బు మనిషి అంకెల్లా ఉన్నాయంటున్నాడు. మొదట ఒక్క దౌడు తీసి, తరవాత నడుస్తున్నావట. ఇన్నాళ్లూ నీవనుకుని చూసిన దూరాలన్నీ నావట. అవి చూసే నీ పేరు ఇంకా తీసెయ్యలేదట. రోజూ ఇక్కడికొచ్చే ముందే ఎక్కడ అలిసిపోతున్నావని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావ్?"

"అబద్ధం. నువ్వు కల్పించి చెబుతున్నావ్."

లెక్కల మాస్టారు లాప్‌టాప్‌ను తూటా వైపు తిప్పాడు. చివరి గడి మీద వేలు పెట్టి కాదని తల ఊపాడు. వేలు ఎడమకు జరిపాడు. మొత్తం దూరం. దౌడుల సంఖ్య. దౌడుకూ దౌడుకూ మధ్య తేరుకోవడానికి పట్టిన సమయం. ఇన్నాళ్లూ తూటా చూడని గడులు. వారం వారం తన వరస కిందికి జారుతోంది. పెద్దన్న వరస, ఆ కుంటి మోకాళ్ల వరస, స్థిరంగా ఉంది.

వేగం ఒక్కటే పెద్దన్న ఖాతాలోకి పోయింది. మిగతావన్నీ పెద్దన్న దగ్గర్నుంచి తనకు వచ్చాయి.

మధ్యాహ్నం స్కాన్ తీశారు. కాలి ముందు ఎముకలో వెంట్రుకంత పగులు. ఇంకొన్నాళ్లు అలాగే పరిగెత్తితే ఎముక రెండు ముక్కలయ్యేదని డాక్టరు చేతులతో విరిచి చూపించాడు. కొంతకాలం కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. సాయంత్రానికి కోచ్ నిర్ణయం తెలిసింది. అంకెల్లో మోసం చేసినందుకు పెద్దన్న పేరు తీసేశారు. ఖాళీ స్థానం తూటాది.

కోరుకున్నది చేతికొచ్చింది. ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి, గిన్నె చప్పుడు చేస్తూ దింపింది. వదిన, అంటే పెద్దన్న భార్య, ఫోన్ చేసి ఏడ్చిందని మాత్రం చెప్పింది. తూటా కంచం పక్కకు జరిపాడు. అయినా బుర్రలో పురుగు చావలేదు. లాభం లేకుండా ఎవడైనా తన అంకెలు ఇంకొకడికి ఇచ్చుకుంటాడా? ఇందులో ఇంకేదో ఉంది. ఉండాలి.

అది తెలుసుకోవాలనే పెద్దన్న ఇంటికి వెళ్లాడు. వదిన తలుపు తీసి పక్కకు తప్పుకుంది. పెద్దన్న సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"నీకేంటి లాభం అన్నా?"

పెద్దన్న నవ్వాడు. "అడుగుతావని తెలుసు. సారీ చెబుతావేమోనని మీ వదిన అంది. నేను కాదన్నాను."

"చెప్పు మరి."

తాను ఈ క్లబ్‌కు వచ్చిన కొత్తలో మన దేశంవాడే ఒక సీనియర్ ఉండేవాడని పెద్దన్న చెప్పాడు. అప్పుడూ ఒక్కటే స్థానం. పెద్దన్నా బెంచీ మీద పడ్డాడు, తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టాడు. సీనియర్‌కు ఆ సంగతి తెలుసు. కాళ్లు బరువంటే, ఇంకా పరిగెత్తు, తేలికవుతాయి అని భుజం తట్టేవాడు. స్థానం అతనికి దక్కింది. పెద్దన్నకు మొదటి ఆపరేషన్ అప్పుడే జరిగింది.

"నేను విశ్రాంతి తీసుకోమంటే నువ్వు ఇంకో రౌండు వేశావు. ఎక్కడ కూలిపోతావోనని పార్కు దగ్గర కారులో కాపు కాశాను. కోచ్‌తో చెబితే నియమం తప్పావని ఆ రోజే పంపించేసేవాడు. జాబితా ఖాయమయ్యేదాకా లాగుదామనుకున్నా. తరవాత చేతులు కట్టేసైనా నిన్ను ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ణి."

"మరి నీ స్థానం?"

"ఈ మోకాళ్లతో ఇంకో సగం సీజన్ ఎవడాడతాడ్రా. కోచ్ నన్ను ఆటగాళ్లకు నేర్పే పనిలో పెట్టుకుంటానన్నాడు. అన్నాడు, మొన్నటిదాకా. మోసగాడికి ఆ పని ఎవడిస్తాడు?"

తూటా నేల చూశాడు. ఆ మాటల్లో ఎక్కడైనా బీట ఉందేమోనని ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు. దొరకనందుకు భయమేసింది.

మర్నాడు ఇద్దరూ కోచ్ గదిలో కూర్చున్నారు. తప్పంతా తనదని, పార్కు సంగతి, పెద్దన్న చేసింది తన కోసమేనని, ఆ పని ఆయనకే ఇవ్వాలని తూటా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. చెప్పడం అయ్యాక చూస్తే గదిలో అతని మాటలు అర్థమైనవాడు ఒక్కడే ఉన్నాడు. పెద్దన్న. తనను వెనకేసుకొచ్చే మాటలు తానే అనువదించాలి. అతను సిగ్గుపడుతూ, తల వంచుకుని అనువదించాడు.

కోచ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ముక్తసరిగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"నిన్న నన్ను దొంగన్నావట, ఇవాళ దేవుడంటున్నావట. రెండూ నా నోటితోనే వింటున్నాడట. ఏది నమ్మాలంటున్నాడు."

తూటా తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. కోచ్ చూపు ఆ చేతి మీద ఆగలేదు. అప్పుడు అర్థమైంది తూటాకు. ఇన్నాళ్లూ తాను పెద్దన్న వైపు చూసిన నమ్మకం లేని చూపు అదే.

సాయంత్రం జాబితా గోడ మీద పడింది. ఆ ఒక్క స్థానంలో మూడో వాడు, వేరే దేశం నుంచి కొత్తగా తెప్పిస్తున్న ఆటగాడు. తూటా లేడు, పెద్దన్న లేడు.

ఎముక అతుక్కున్నాక రిజర్వు మైదానంలో తూటా తొలి ప్రాక్టీస్. మధ్యలో పెద్దన్న బంతి కాలి కింద పెట్టుకుని చూస్తున్నాడు. తూటా ఎడమ అంచున నిలబడి, బంతి ఎటు పంపుతాడో అంచనా వేస్తున్నాడు. దూరంగా వేస్తాడా? దౌడు తీయించి, కాలు ఎంత అతికిందో పరీక్షిస్తాడా? కోపం తీర్చుకుంటాడా?

"ఆలోచించకు తమ్ముడూ," అని కేక వేశాడు పెద్దన్న. "కాళ్ల దగ్గరికే వేస్తున్నా."

బంతి గడ్డి మీద దొర్లుతూ బయల్దేరింది. తూటా కదలకుండా నిలబడ్డాడు. నమ్మడం అతనికి పరుగు కంటే కష్టంగా ఉంది.