ఎర్రమొక్కకు ఇనుము

అసలు ఈ కళ్ళజోడు కుర్రాడికి తనంటే మొదటినుంచీ పడదు, పడితే ఇట్లా మొహం మీదే చెప్తాడా, అన్నా ఆ సీసా అక్కడ పెట్టేయండి, మీకది దండగ అని, పెంపుడు చేపల కొట్టు పెట్టుకున్నవాడు సరుకు అమ్ముకోవాలి గానీ కొనేవాడి చేతిలోంచి లాక్కుంటాడా, తను ఆరో తరగతిలో బడి మానేసిన మాట నిజమే, అయినా లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్ళు ఇనుము చెక్కినవాడికి ఇనుము గురించి పాఠమా, వినక తప్పింది కాదు, మీ కుళాయిలో వచ్చేవి బకెట్‌కి తెల్లగా పట్టే ఉప్పునీళ్ళన్నా, ఈ సీసాలో ఇనుము మందు పొద్దున పోస్తే సాయంత్రానికి తుప్పై అడుక్కి దిగిపోతుంది, మొక్కకి అందదు, ఈ పొడి అట్లా కాదు, ఆ నీళ్ళలోనూ కరిగే ఉంటుంది, నీళ్ళు కాస్త ఎర్రబడతాయి, అంతే.

సీసా ఒక చేతిలో, పొడి పొట్లం ఒక చేతిలో, తను తక్కెడలా నిలబడ్డాడు, గాజుతొట్టిలో ఎర్రమొక్క కళ్ళలో మెదిలింది, ఏడు కాడలకు రెండు మిగిలాయి, కింది ఆకులు బాగానే ఉన్నాయి, పైన పుట్టే చిగురే ఈనెలు తప్ప తెల్లగా పాలిపోయి పుడుతోంది, ఇంకో వారం ఆగితే అవీ ఉండవు, తొట్టిలో చేపలు కూడా లేవు, మొక్కలే, భార్య తన చెల్లెలింటికి వెళ్ళిపోయాక ఇంట్లో ఏదో ఒకటి చప్పుడు చెయ్యాలని కొన్నాడు, మోటారు బుడబుడలాడుతూ ఉంటుంది, మీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం, గోడ అడ్డం తిరగదు అంది వెళ్తూ, నాలుగేళ్ళయింది, గోడకి సున్నం కూడా వేయించలేదు.

సీసా మీద వారానికి ఒక మూత అని రాసి ఉంది, తను రోజుకి మూడు పోస్తాడు, మొక్క మీద ప్రేమ కొద్దీ అనుకున్నాడు, సరిగ్గా శుక్రవారానికి అయిపోతుంది, శనివారం మధ్యాహ్నం చొక్కా మార్చుకుని ఇక్కడికి, ఏంటన్నా, మా ఎర్రమ్మకి ఎట్లా ఉంది అని కళ్ళజోడు ఇంట్లో మనిషిని అడిగినట్టు అడుగుతాడు, కోలుకుంటోంది అని తను అబద్ధం చెప్తాడు, మోటారు శబ్దం తగ్గిందా, మొన్న వానకి ఇల్లు కారిందా, అయిదు నిమిషాలు, ఎక్కువైతే పది, ఇంకో బేరం వచ్చేదాకా, మిషన్ దగ్గర అరిస్తే గానీ మాట వినపడదు, ఇంటి దగ్గర అరవడానికీ ఎవరూ లేరు, వారం మొత్తం మీద ఎవరైనా నింపాదిగా అన్నా అనేది ఇక్కడే.

చిటికెడు చాలన్నా వారానికి, ఈ పొట్లం తీసుకెళ్ళండి, రెండేళ్ళదాకా మీకిటు రావలసిన పనే ఉండదు, అన్నాడు కళ్ళజోడు, నవ్వుతూనే, పుణ్యాత్ముడు, మేలు చేస్తున్నాననుకునే అన్నాడు, పని లేకపోయినా వచ్చి నిలబడే రకం కాదు తను, ఏ గుమ్మం ముందూ నిలబడలేదు, చెల్లెలింటి గుమ్మం ముందు కూడా, సీసా బల్ల మీద పెట్టేశాడు, ఇన్నాళ్ళూ ఆ నీళ్ళలో మొక్క కోసం కాదు పోసింది, అది పాపం ఆకలితో చస్తుంటే దాని పేరు చెప్పుకుని తను వచ్చి తిని పోతున్నాడు, పొడే ఇవ్వు అన్నాడు, గొంతు ఎప్పటిలా మొరటుగానే వచ్చింది, పొట్లం జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే బొటనవేలు వేళ్ళ గీతల మీద దానంతట అదే నడిచింది, ఏడాదికి యాభై రెండు, రెండేళ్ళకి నూటనాలుగు శనివారాలు.