సింహాచలమ్మ పొయ్యి పొగ

పోర్ట్‌బ్లెయిర్‌లో చదువుకోడానికి పై దీవుల నుంచి వచ్చిన పిల్లలకి క్లాసులు అయిపోయాక ఒకటే మాట. ఇవాళ ఎక్కడ తిందాం? హాస్టల్ పప్పుకి మొహం మొత్తినవాళ్లు. బార్బెక్యూ అని పెద్ద బోర్డు పెట్టి నిన్నటి కోడికి ఇవాళ రంగు పూసేది ఏ హోటలో, పొద్దున వలలో పడిన చేపని సాయంత్రానికి బొగ్గుల మీద పెట్టేది ఏ బండో వాళ్లకి పాఠాల కంటే బాగా తెలుసు. రంగత్ నుంచి వచ్చి రెండో ఏడాది చదువుతున్న భానుకీ తెలుసు.

ఆ మంగళవారం ఆ తెలివంతా వేరే పనికి కావలసి వచ్చింది. వాళ్లమ్మ చేత ఏదో ఒకటి తినిపించాలి.

భాను తండ్రి లోకనాథం శుక్రవారం తెల్లవారుజామున రంగత్ ఒడ్డు నుంచి ఒక్కడే డింగీ పడవ వేసుకుని వేటకి వెళ్లాడు. మధ్యాహ్నం గాలి లేచింది. మిగతా డింగీలు తిరిగొచ్చాయి, అతనిది రాలేదు. మర్నాటి నుంచి కోస్ట్‌గార్డ్ ఓడ వెతుకుతోంది, విమానం కూడా ఎగిరింది. కబురేదైనా ముందు పోర్ట్‌బ్లెయిర్‌కే వస్తుందని భాను తల్లి చిన్నమ్మి బస్సెక్కి బతు బస్తీలో ఉన్న తమ్ముడు కన్నారావు ఇంటికి వచ్చింది. వచ్చి గోడకి చేరగిలబడి కూర్చుంది.

"ఆయనొచ్చి నా ముందర కూకుని తిన్నదాకా ముద్ద ముట్టను" అంది. టీ నీళ్లు తప్ప మరేదీ ముట్టలేదు. మాట అన్నాక తప్పే మనిషి కాదని కన్నారావుకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"కాల్చిన చేపంటే అమ్మకి ప్రాణం మావయ్యా. వాసన తగిలితే తింటాదేమో" అంది భాను. తల్లి దగ్గరికెళ్లి, "నాకు ఆకలేస్తందమ్మా. నువ్వు తినొద్దులే, పక్కన కూకో చాలు" అని చెయ్యి పట్టుకుని లేపింది.

ముగ్గురూ కాలేజీ దగ్గరున్న హోటలుకి ముందు వెళ్లారు. ఎర్రగా నిగనిగలాడే కోడి ముక్కలు ఇనప పుల్లలకి గుచ్చి తెచ్చారు. చిన్నమ్మి పళ్లెం వంక చూడనైనా చూడలేదు. బల్ల మీద పెట్టిన భాను ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. భాను పళ్లెం మామయ్య వైపు జరిపేసింది.

అక్కణ్ణించి బతు బస్తీ మలుపులో సుర్మై చేప ముక్కలు కాల్చే కొట్టుకి వచ్చారు. పళ్లెం దగ్గరికి రాగానే చిన్నమ్మి ముక్కు కదిలింది. భాను పళ్లెం ఇంకాస్త ముందుకి జరిపింది.

"ఐసులో పెట్టిన చేప ఇది" అంది చిన్నమ్మి, మొహం తిప్పేసుకుంటూ.

అన్ని రోజుల్లో మొగుడి గురించి కాకుండా ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. భాను ఆ మాటే పట్టుకుంది. బయటికొచ్చి స్నేహితురాలు బేబీరాణికి ఫోన్ చేసింది. "ఇంకెక్కడా తిరక్కు. మిన్నీ బే ఎల్లిపో, సింహాచలం దీదీ దగ్గరికి" అంది బేబీరాణి.

సింహాచలమ్మ చేప మంచిదని భానుకి తెలీక కాదు. అక్కడి పొయ్యి పొగ ఒకటుంది. అది గాలి మాట వినదు. ఎవరి ఆకలి ఎక్కువో వాళ్ల దగ్గరికి పోతుంది. హాస్టల్లో తినే వచ్చానని బడాయి పోయే కుర్రాడి మొహాన్ని వెతుక్కుంటూ వెళ్లి చుట్టుకుంటుంది. సింహాచలమ్మ ఏమీ అనదు, ఆకులో ముక్క పెట్టి చేతికిస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. నిజంగా ఉపవాసం ఉన్నవాళ్లు ఆ రోడ్డు మీద నుంచి వెళ్లరు. నలుగురిలో ఆ పొగ వచ్చి అమ్మని చుట్టుకుంటే అమ్మ లేచిపోతుందేమోనని భాను భయం. అయినా వేరే దారి లేక ఆటో ఎక్కించింది.

వాళ్లు వెళ్లేసరికి సింహాచలమ్మ బొగ్గులు రాజేసి, ఉప్పూ పసుపూ పట్టించిన కానాగంత చేపలు ఇనప జాలీ మీద పేరుస్తోంది. నీళ్ల మీద ఎండ వాలింది. బెంచీల మీద కాలేజీ పిల్లలూ, ఆటోవాళ్లూ ఉన్నారు. చిన్నమ్మి ఓ చివర కూర్చుంది. నూనె చుక్క నిప్పు మీద పడి చుయ్యిమంది. పొగ లేచింది.

లేచి, అనుకున్నట్టే, తిన్నగా చిన్నమ్మి దగ్గరికి వచ్చింది. ఆమె గడ్డం కింద ఆగింది. పిల్లలు తలలు దించుకున్నారు. చిన్నమ్మి లేవబోయింది. అంతలో, దూరాన్నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే విన్న కుక్కలా, పొగ తల ఎత్తింది. ఆమెని వదిలేసింది. రోడ్డు దాటి, ఒడ్డున కట్టేసిన పడవల మీదుగా, ఎదురుగాలిని చీల్చుకుంటూ, నీళ్లకి జానెడు ఎత్తున హార్బర్ నోటి వైపు సాగిపోయింది.

సింహాచలమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"నీళ్ల మీద ఎవులో ఉన్నారు" అంది.

చిన్నమ్మి ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. "అప్పా, ఈ పొగ చచ్చిపోయినోల్ల కాడికి ఎల్తాదా?"

"ఎల్లదు చెల్లీ. చచ్చినోల్లకి ఆకలేటి?"

కన్నారావు అప్పటికే కోస్ట్‌గార్డ్ ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాడు. పొగ సంగతి వినగానే అవతల డ్యూటీలో ఉన్నతను హిందీలో అడిగాడు, ఎవరి పొయ్యి అని.

"మిన్నీ బేలో సింహాచలం దీదీది, సాబ్."

"ఏ దిక్కుకి పోతోంది?"

"రాస్ దీవి కుడిపక్క నుంచి, తూర్పుకి."

అతను అది రాసుకున్నాడు. ఉత్తరాన వెతుకుతున్న ఓడని ఇటు తిప్పుతామనీ, జెట్టీ నుంచి మరో బోటు ఇప్పుడే బయల్దేరుతుందనీ చెప్పాడు. "పొగ తెగకుండా చూసుకోండి. చీకటి పడితే మావాళ్లకి కనబడదు" అన్నాడు.

కన్నారావు ఒడ్డుకి పరిగెత్తి, తెలిసినవాళ్ల డింగీ విప్పి ఇంజను లాగాడు. పొగ కింద, పొగ వెంట వెళ్లిపోయాడు. దీవుల్లో పొద్దు తొందరగా గుంకుతుంది. అందరి కళ్లూ ఒకసారి సూర్యుడి మీదా ఒకసారి పొగ మీదా ఉన్నాయి.

డింగీ చుక్కంతైపోయాక పొగ వదులైంది. బిగించి కట్టిన తాడు మధ్యలో జారినట్టు, నీళ్ల మీద వంకర పోయింది. దాని కొస ఎక్కడుందో తెలీదు గాని, మొదలు మాత్రం మెల్లిమెల్లిగా ఇటు తిరుగుతోంది. చిన్నమ్మి వైపు.

"అమ్మా, నీ దగ్గరికొచ్చేస్తంది" అంది భాను.

సింహాచలమ్మ చిన్నమ్మి మొహంలోకి చూసింది. "ఇందాకటిదాకా నీ కడుపు చచ్చిపడుంది. మనిషి బతికున్నాడని తెలిసింది కదా, ఇప్పుడు లేచింది. నీ ఆకలి లాగేస్తంది చెల్లీ. తిను."

"ముట్టనన్నాను."

"ఎవులితో అన్నావు?"

"ఆ గంగమ్మ తల్లితో."

"మరి ఆ తల్లి ఒడిలోనే ఉన్నాడు నీ మొగుడు. నువ్వు తినకపోతే పొగ నీ కాడికొచ్చి కూకుంటాది. పడవలు దారి తప్పుతాయి. నాను చెయ్యగలిగింది చేప కాల్చడమే. తినడం నీ పని."

చిన్నమ్మి నీళ్ల వైపు చూసింది. పొగ ఇంకాస్త ఇటు జరిగింది. ఆమె జాలీ మీదికి చెయ్యి చాచి, పళ్లెం కోసం ఆగకుండా, కాలుతున్న కానాగంతని వేళ్లతోనే తీసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమల్లేక అలాగే ఉండిపోయింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. మింగింది. రెండో ముక్కకి పొలమారింది. భాను నీళ్లు పట్టింది. మూడో ముక్క మొదలుకుని ఆమె ఆగలేదు. ముళ్లు ఏరకుండా, ఉప్పు చాలిందో లేదో చూడకుండా, పని చేసినట్టు తింది. పొగ ఆమెని వదిలి మళ్లీ నీళ్ల మీదికి తిరిగింది.

"అందరూ తినండ్రా" అంది సింహాచలమ్మ, బెంచీల వైపు తిరిగి. "ఎవులూ ఆకలితో ఉండకండి."

ఆటోవాళ్లు తిన్నారు. కాలేజీ పిల్లలు తిన్నారు. పక్క సందులోంచి వచ్చి నిలబడ్డ ఆడవాళ్లకీ, బస్సు దిగినవాళ్లకీ పెట్టారు. చూరు కింద పడుకున్న కుక్కకి కూడా తల ముక్కలు వేశారు. సింహాచలమ్మ కాలుస్తోంది, భాను ఆకుల్లో పెట్టి పరిగెత్తి పరిగెత్తి అందిస్తోంది. పెళ్లి భోజనంలా ఉంది, చావింట్లోలా ఉంది. పొగ సన్నబడి, గట్టిపడి, తీగలా నిటారుగా సాగింది.

సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి. పొగ ఇంకా కనిపిస్తోంది, కనిపించీ కనిపించకుండా.

అప్పుడు పొగ నీళ్ల మీద నుంచి లేచింది.

తెగలేదు. ఎవరో అవతలి కొస వదిలేసినట్టు నెమ్మదిగా పైకి తేలి, చుట్టలు చుట్టుకుంటూ వెనక్కి రాసాగింది. బెంచీల మీద వాళ్లు తినడం ఆపేశారు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, దానికి రెండే అర్థాలు ఉంటాయని: అవతలి మనిషి తినైనా ఉండాలి, పోయైనా ఉండాలి. చిన్నమ్మి సింహాచలమ్మ వైపు చూసింది. సింహాచలమ్మ తల ఎత్తలేదు. బొగ్గులు ఎగదోస్తూ ఉండిపోయింది.

పొగ ఒడ్డుకి వచ్చింది. రోడ్డు దాటింది. చిన్నమ్మిని దాటి వెళ్లిపోయింది. రెండు చేతుల్లో రెండు ఆకులు పట్టుకుని నిలబడ్డ భాను దగ్గర ఆగి, భుజాల చుట్టూ, మెడ చుట్టూ, జుట్టంతా కమ్ముకుంది.

చిన్నమ్మి కూతుర్ని చూసింది. ఈ ఊరు వచ్చాక ఆ పిల్ల మొహం సరిగ్గా చూడడం అదే మొదలు. బుగ్గలు పీక్కుపోయాయి. కళ్ల కింద నల్లగా ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"నువ్వెప్పుడు తిన్నావే?"

భాను తల అడ్డంగా ఊపింది. "నువ్వు తినకుండా నానెలా తింటానమ్మా" అంది. ఆకులు కింద పెట్టబోయి, పెట్టలేక, అక్కడే చతికిలబడింది.

చిన్నమ్మి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆకులోంచి చేప తీసింది. లోకనాథం బతికున్నాడో లేదో ఆమెకి తెలీదు. అయినా ముల్లు విడదీసి, మెత్తటి కండ ఏరి, వేలితో నొక్కి మళ్లీ ముల్లు వెతికి, కూతురి నోట్లో పెట్టింది. మళ్లీ ఇంకో ముక్క తీసింది. పొగ ఇద్దరి మధ్యా ఆడుతోంది.

బెంచీ మీద భాను ఫోన్ మోగింది.

భాను నోటి నిండా చేప. మోగుతున్న ఫోన్‌ని సింహాచలమ్మ తెచ్చి చిన్నమ్మి చెవికి ఆనించింది. ఇంజను మోత, గాలి. ఆ మోతలోంచి కన్నారావు గొంతు తెగుతూ తెగుతూ వచ్చింది.

"అప్పా... అప్పా, ఇనబడతందా?"

"తిన్నాడా?" అంది చిన్నమ్మి.

అవతల కన్నారావు ఒక్క క్షణం ఏడ్చాడు. "తింటన్నాడు. బోటోల్లు గంజి పోస్తన్నారు, చెంచాతోని. కూకోలేకపోతన్నాడు గాని తింటన్నాడు."

చిన్నమ్మి కళ్లు మూసుకుంది. చేతిలో ముక్క అలాగే ఉంది.

"మెల్లిగా పొయ్యమను తమ్ముడూ" అంది. "ఆయనకి గబగబా మింగీడం అలవాటు."