షీట్ మూలన పేరు

నమ్రత దోసె తిరగేస్తుండగా శ్రీవత్స లాప్‌టాప్ తెచ్చి, పొయ్యి పక్కన చట్నీ గిన్నెకి జానెడు దూరంలో పెట్టాడు. "దీవి ప్రాజెక్ట్. కాస్త చూసిపెట్టు బంగారం, నువ్వెలాగూ ఖాళీయే కదా" అన్నాడు.

పెళ్ళయి నాలుగు నెలలు, అమెరికాలో, క్యారీ ఊళ్ళో ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చి మూడు. ఆమెకి ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. బాల్కనీ గట్టు మీద ఉడుత కూర్చునే తీరు, డ్రయ్యర్‌లోంచి తీసిన తువ్వాలు వెచ్చదనం, వెనకనుంచి వచ్చి మెడ మీద గడ్డం ఆనించి అతను "బంగారం" అనడం. ఖాళీ అన్న మాట కూడా అలాగే ముద్దుగా వినబడింది. దోసె మాడిన వాసన వచ్చాక గానీ అది గుచ్చుకున్నట్టు తెలియలేదు.

ఇద్దరూ ఆర్కిటెక్టులే. ఆమె విజయవాడలో చదివి, మూడేళ్ళు పనిచేసి, ఒక స్కూలూ రెండు బస్‌స్టాండ్లూ కట్టించి వచ్చింది. అయితే అతని వీసా వెనకాల వచ్చిన ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు. అత్తగారు జ్ఞానప్రసూన ఆ సంగతి తెలిసిన రోజున ఫోన్‌లో, "పోన్లే అమ్మా, మావాడికి చేతికింద సాయంగా ఉంటావు" అని ఎంతో తృప్తిపడింది. ఇంకో రోజు, "బొమ్మలేసుకుంటూ కూర్చుంటే వంటెప్పుడు చేస్తావు మరి" అని అడిగింది. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో ఎలా ఇముడుతున్నాయో అని నమ్రతకి వేడుకగా ఉండేది.

క్యారీ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి, ఆపైన ఫెర్రీ ఎక్కితే వస్తుంది ఆ దీవి. అక్కడి మూలవాసులు తమ నేలనీ తమ పెద్దల బతుకునీ చూడవచ్చేవారి కోసం ఒక పెవిలియన్, పెద్ద మంటపం లాంటిది, కట్టుకుంటామన్నారు. శ్రీవత్స ఆఫీసు డిజైన్ ఇస్తామని ముందుకొచ్చింది. దీవి అనగానే శ్రీవత్సకి పడవ తట్టింది. బోర్లించిన పడవ, నలభై అడుగుల ఎత్తున. కింద నిలబడితే తిమింగలం మింగినట్టుంటుంది. అతని బాస్ దాన్ని చూసి 'పవర్‌ఫుల్' అన్నాడట. ఆ ముక్క ఇండియాలో ఇంటికి ఫోన్ చేసి ముగ్గురికి చెప్పుకున్నాడు. దీవివాళ్ళు పంపిన ఎనభై పేజీల ఫైలుని మాత్రం అతను తెరవలేదు, బాసూ తెరవలేదు. మనుషుల సంగతి చదవకుండానే వాళ్ళ ఆత్మని గీసెయ్యగల మగవాళ్ళు ప్రపంచమంతా ఉంటారు కాబోలు అనుకుంది నమ్రత.

ఆమె చదివింది. అరవై రెండో పేజీలో పాత ఫోటో ఉంది. ఇసుక దిబ్బ వెనక ఆడవాళ్ళు కర్రల చట్రానికి తుంగచాపలు కడుతున్నారు. నమ్రతకి నవ్వొచ్చింది. అవనిగడ్డలో ఆమె మేనత్త తుంగచాపలు అల్లేది. ఎండలో తుంగ ముడుచుకుంటే సందుల్లోంచి గాలి వస్తుంది, వానకి ఉబ్బితే సందులు మూసుకుపోయి చుక్క లోపలికి రాదు. ఈ సముద్రం ఒడ్డున కూడా ఎవరో అత్తలు అదే కనిపెట్టారన్నమాట. ఆ సంతోషంలో పదకొండు రోజులు, వంటకీ అంట్లకీ మధ్య, దిబ్బ వెనక ఒదిగి కూర్చునే పొట్టి పందిరి గీసింది. చుట్టూ చాపలు. సముద్రం వైపు గోడ లేదు.

డ్రాయింగ్ షీట్ కింది మూలన గీసినవాళ్ళ పేరు రాసే గడి ఉంటుంది. పెళ్ళిలో గోరింటాకులో అతని పొడి అక్షరాలు దాచుకున్నంత మురిపెంగా ఆ గడిలో అతని అక్షరాలు వేసింది. పక్కన తనవి కూడా వెయ్యనా అని అడిగితే అతను గాభరా పడ్డాడు. "వద్దు వద్దు, నీ వీసాకి ప్రాబ్లం."

పని చేస్తే ప్రాబ్లం లేదు. పేరు పెడితేనే ప్రాబ్లం.

పడవని పక్కన పెట్టి ఆమె పందిరినే తీసుకున్నాడు, ఆపైన దాన్ని 'ఇంప్రూవ్' చేశాడు. చాపలు తీసేసి, చాప నమూనా చెక్కిన స్టీలు రేకులు పెట్టాడు. మెయింటెనెన్స్ ఉండదట. దులిపేది, కట్టేది, ఆరబెట్టేది ఎప్పుడూ ఇంకొకరైతే మెయింటెనెన్స్ మాట అంత చులకనగా వస్తుంది.

శనివారం దీవిలో మీటింగ్. 'ఫెర్రీ ఎంజాయ్ చేద్దువు' అని ఆమెని తీసుకెళ్ళాడు గానీ, నిజానికి ఆ పందిరి మోడల్‌ని ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. అయినా నమ్రత ఎంజాయ్ చేసింది. సముద్రపు కాకి ఒకటి రెయిలింగ్ మీద నిలబడి ఆమె కమలాపండు కేసి ఆశగా చూసింది. ఆమె ఒక తొన ఇచ్చింది.

కౌన్సిల్ పెద్ద ఆగ్నెస్‌కి డెబ్బై దాటి ఉంటాయి. శ్రీవత్స ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ మోడల్ మీది రేకుని గోటితో టకటక కొట్టి చూసి, "వానొస్తే ఇదేం చేస్తుంది?" అని అడిగింది.

శ్రీవత్స మొహంలో నవ్వు అలాగే ఉంచి, తల కొంచెం నమ్రత వైపు వంచి తెలుగులో, "చెప్పు, తొందరగా" అన్నాడు.

ఆమె గుసగుసగా చెప్పింది, అలవాటు మరి. తుంగ తడిస్తే ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి, అందుకే ముడి బిగించి కట్టకూడదు, వేలెడు వదలాలి అని వేలు కూడా చూపించింది. రేకైతే ఏమీ చెయ్యదు, మోగుతుందంతే అని కూడా చెప్పింది.

శ్రీవత్స ఆగ్నెస్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "నీటికీ మీ సమాజానికీ ఉన్న బంధాన్ని ఇది ప్రతిబింబిస్తుంది" అన్నాడు.

ఆగ్నెస్ గడ్డంతో నమ్రతని చూపించింది. "ఈ అమ్మాయి చెప్పింది అంతకంటే పొడుగ్గా ఉంది. పైగా వేలు చూపించింది."

లేచి వెళ్ళి చిన్న చాప ముక్క తెచ్చి నమ్రత చేతిలో పెట్టింది. నమ్రత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మేనత్త వరండా వాసన. "దీన్ని ఎలా కట్టాలో షీట్‌లో గీసి తెండి, అప్పుడు పని మీదే. రేకులొద్దు" అంది ఆగ్నెస్, నమ్రతనే చూస్తూ.

తిరుగు ఫెర్రీలో శ్రీవత్స ఉషారుగా ఉన్నాడు. ఆవిణ్ణి ఎలా ఒప్పించాడో బాస్‌కి ఫోన్‌లో చెప్పాడు. చాపలు పెట్టాలని తనకి మొదటినుంచీ ఉందట. ఫోన్ పెట్టేసి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"బంగారం, ఆ ముడుల డీటెయిల్ సోమవారానికి గీసిపెట్టు. రేపు ఖాళీయే కదా."

సముద్రపు కాకి మళ్ళీ వచ్చింది, అదో ఇంకొకటో. నమ్రత మిగిలిన కమలాపండు తొనలన్నీ, ఒక్కోటీ రుచి చూసుకుంటూ తనే తినేసింది. చాప ముక్కని జాగ్రత్తగా చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అతని మోడల్‌ని ఒడిలోంచి తీసి అతని ఒడిలో పెట్టింది.

"షీట్ మూలన గీసినవాళ్ళ పేరుంది కదా శ్రీ" అంది. "వాళ్ళనడుగు."