భూమన్న పంతులు గొంతు

పదమూడో ఎక్కం సగంలో ఉండగా భూమన్న పంతులుకు దగ్గు వచ్చింది. ఒక చేత్తో ఛాతీ అదిమి పట్టుకొని, రెండో చేత్తో ఆపవద్దని సైగ చేశాడు. పిల్లలు ఆపలేదు. కానీ వాళ్ల కళ్లు ఆయన మీద లేవు. మూలన బల్ల మీద, పూల గుడ్డ కప్పిన రేడియో మీద ఉన్నాయి.

సన్నగా, పొడుగ్గా, మెడ నరాలు తేలి ఉంటాడాయన. మోచేతుల దగ్గర అతుకులు వేసిన తెల్ల అంగీ, మోకాళ్ల కిందికి దిగని ధోవతి. చెన్నూరు దగ్గరి ఆ ఊళ్లో బడి పెట్టిన నాటి నుంచీ ఆయనే పంతులు. నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ఆ తర్వాత తెలుగులో చెప్పడం నేర్చుకున్నాడు. బడిలో పటాలు లేవు, పుస్తకాలు చాలవు. ఉన్నదల్లా ఆయన గొంతే. సముద్రం ఎలా ఉంటుందో ఆ గొంతుతోనే చూపించాడు. సముద్రాన్ని ఆయనా చూడలేదు.

కిందటి ఏడు దేవదాస్ వచ్చాడు. పడుచువాడు, ట్రైనింగు అయినవాడు. పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ తిరిగి బడికి రేడియో సాధించాడు. వానలో దాన్ని తన అంగీలో చుట్టి, తాను తడుస్తూ మోసుకొచ్చాడు. ఆ రోజు పిల్లలు ఊరి బయటి దాకా ఎదురు పోయారు. భూమన్నకు ఎవరూ ఎన్నడూ ఎదురు పోలేదు. దేవదాస్‌ను పిల్లలు మొదటి రోజు నుంచే ‘సారు’ అన్నారు. ఈయన ‘పంతులు’గానే ఉండిపోయాడు.

ఇవాళ దేవదాస్ మీటింగుకని మంచిర్యాల పోయాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చి, భూమన్న రేడియో వెనక బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆ చేత్తోనే నల్లబల్ల తుడిచాడు.

రోడ్డు మీద బస్సు పోయిన చప్పుడైంది. రేడియోలో పిల్లల కార్యక్రమానికి వేళైనట్టే. పిల్లల్లోంచి నర్మద లేచి నిలబడింది.

“పంతులూ, రేడియో పెట్టవా?”

“ఖరాబైంది. పలుకుతలేదు.” రేడియో మర తిప్పి చూపించాడు. పెట్టె పలకలేదు. “నేను కథ చెప్త, కూసోండ్రి.”

గోదావరి వరద కథ ఎత్తుకున్నాడు. పిల్లలు బుద్ధిగా విన్నారు, పెళ్లిలో పెద్దల మాటలు విన్నట్టు. మధ్యలో నర్మద పక్కపిల్ల చెవిలో అన్న మాట ఆయనకూ వినబడింది.

“ఫికర్ చెయ్యకు. రేపు దేవదాస్ సారు వస్తడు గదా. ఆయన బాగుజేస్తడు.”

కథ ఆగిపోయింది. ఊడిన తీగను చూసి దేవదాస్ ఏమనుకుంటాడన్నది భూమన్నకు తట్టనే లేదు. బాగుచేసేది అతనే అన్నదొక్కటే గుండెలో గుచ్చుకుంది. లేచి పూల గుడ్డ తీసి, పెట్టె వెనక్కి వంగి, తీగ బిగించాడు. పెట్టె బుసకొట్టి పలికింది.

“మన పంతులుకు గూడ వస్తది!” అంది నర్మద.

అందరూ ఆయన వైపు తిరిగి చూశారు. ఆ చూపు ముందు ఇంకాసేపు నిలబడాలనిపించింది. ఇంతలో పెట్టెలో ఎవరో ఆడమనిషి కథ మొదలుపెట్టింది. అన్ని తలలూ అటు తిరిగాయి.

భూమన్న చివరి వరుస వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎడమ భుజం లాగుతోంది. పెట్టెలో కథ చెప్పే ఆమె దగ్గలేదు, నీళ్లు తాగలేదు, ఒక్క మాట దగ్గరా తడబడలేదు. కథలో పులి రాగానే పెట్టె నిజంగానే గాండ్రించింది. పిల్లలు ఉలిక్కిపడి ఒకరినొకరు పట్టుకున్నారు. ఆయన పులికి ఎవరూ అలా ఉలిక్కిపడలేదు. తప్పు పట్టుకుందామని చెవి ఒగ్గాడు. కాసేపటికి, తర్వాత ఏమవుతుందోనని వింటున్నట్టు తెలిసి, తన మీద తనకే కోపం వచ్చింది.

కథ అయిపోయింది. పాట వచ్చి, అదీ అయిపోయింది. నర్మద వెనక్కి తిరిగింది. పంతులు తల కొంచెం పెట్టె వైపు వంచి ఉన్నాడు, వింటున్నట్టే.

“పంతులూ, బందు జెయ్యాల్నా?”

రెండోసారి దగ్గరికి పోయి అడిగింది.

మర్నాడు పంతులు దహనం అయ్యాక దేవదాస్ బడి తలుపు తీశాడు. వెంట వచ్చిన నర్మద పెట్టె వైపు చూపించింది.

“నిన్న ఖరాబైతే పంతులే బాగుజేసిండు, సారూ.”

దేవదాస్ తీగ తడిమి చూశాడు. గట్టిగానే ఉంది. పూల గుడ్డ కప్పి, కిటికీ మూయబోయి ఆగాడు. కిటికీ చువ్వకు, భూమన్న భార్య ఎల్లక్క నిన్న కట్టి ఇచ్చిన సద్ది మూట వేలాడుతోంది. గుడ్డ మీద చీమలు బారులు తీరాయి. ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది.